సాలోళ్ల ఇంటి వకీలు

నేతగాళ్ల ఇళ్లలో నల్లకోటు అంటే ఒకప్పుడు అప్పు. ముందు ప్రాంసరీ నోటు పట్టుకొని సావుకారు వచ్చేవాడు. వెనకాలే వకీలు నోటీసు వచ్చేది. ఆఖరున కోర్టు జవాను వచ్చి, మగ్గం గుంట అంచున గొంతుక్కూర్చుని, ఇంట్లో ఉన్న కంచూ ఇత్తడీ లెక్క రాసుకునేవాడు. కాగితంలో ఏముందో చదవలేని ఇంటాయన వేలిముద్ర వేసేవాడు. ఆ వేలితోనే మళ్లీ నాడె విసిరేవాడు. ఆ ఇళ్లలోంచే, ఆ కులంలోంచే ఒక నల్లకోటు పుట్టుకొచ్చి, నోటీసు పంపేవాడి వైపు కాక వేలిముద్ర వేసినవాడి వైపు నిలబడింది. తలుచుకున్నప్పుడల్లా నాకది ఒక వింతగానే తోస్తుంది.

ఆ మనిషి కొండా లక్ష్మణ్ బాపూజీ. పుట్టింది 1915 సెప్టెంబర్ 27న, ఇప్పటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడిలో. ఆయన గురించి హైదరాబాద్‌లో కూర్చుని రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను సోలాపూర్ నుంచి రాస్తున్నాను. ఇక్కణ్ణుంచి చూస్తే ఆయన ఇంకొంచెం పొడుగ్గా కనిపిస్తాడు. ఎందుకో చెప్పాలంటే ముందు మా పేటల సంగతి చెప్పాలి.

సోలాపూర్ ఊరికి తూర్పున ఉన్నదాన్ని ఇక్కడి మరాఠీవాళ్లు పూర్వ భాగ్ అంటారు. సాకర్ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, దత్త నగర్. ఆ గల్లీల్లోకి అడుగుపెడితే మాట మారిపోతుంది. బేరం మరాఠీలో, తిట్టు హిందీలో, ప్రేమ మాత్రం తెలుగులో. అదీ కరీంనగర్, నల్లగొండ, పాలమూరు జిల్లాల పాత తెలుగు, మధ్యమధ్య మరాఠీ పోగులు పడ్డ తెలుగు. నారళీ పూర్ణిమ నాడు మార్కండేయ మహాముని రథం కదిలితే ఊరు ఊరంతా తూర్పుకే తిరుగుతుంది. ఆ రథం ముందు నడిచేవాళ్ల తాతముత్తాతల్లో చాలామంది నిజాం ఇలాకా వదిలి మూటలు నెత్తిన పెట్టుకొని వచ్చినవాళ్లే.

ఎందుకు వచ్చారు? ఊళ్లో నూలు కొనే శక్తి లేక, నేసిన గుడ్డ అమ్ముడుపోక, పైగా వెట్టి. ఇక్కడ రైలు 1860లోనే వచ్చింది. 1877లో మొదటి బట్టల మిల్లు వచ్చింది, ఇప్పటికీ ముసలివాళ్లు దాన్ని జూనీ గిరణి, అంటే పాత మిల్లు, అనే తలుచుకుంటారు. మిల్లు వెనక మిల్లు లేచాయి. మిల్లు నూలు దొరికేచోట చేతిమగ్గమూ బతుకుతుంది. పద్మశాలీ కార్ఖానాదార్లు మగ్గాల షెడ్లు పెట్టారు. పనిలోకి వచ్చినవాడికి అడ్వాన్సు ఇచ్చారు, పడుకోవడానికి ఆ షెడ్డులోనే చోటిచ్చారు. అడ్వాన్సు తీరేదాకా వాడు మరో షెడ్డు ముఖం చూడ్డానికి లేదు. యజమానీ మనోడే, కూలీ మనోడే. ఒక్క దేవుణ్ణి మొక్కేవాళ్లే. అయినా లెక్కల పుస్తకం మాత్రం ఒకళ్ల చేతిలోనే ఉండేది.

వచ్చినవాళ్ల కథ ఇది. రానివాళ్ల సంగతేమిటి? ఊళ్లోనే మిగిలిపోయిన మన అన్నదమ్ములు, మేనమామలు, నూలు దొరక్క మగ్గం కట్టేసుకొని కూర్చున్నవాళ్లు, వాళ్ల తరఫున ఎవరు మాట్లాడారు? వాంకిడి కుర్రవాడు మాట్లాడాడు. అందుకే నా లెక్కలో ఆయన మా పేటలకు కూడా పెద్దమనిషి. మావాళ్లు ఏ బాధ నుంచి తప్పించుకుని వచ్చారో, ఆ బాధ దగ్గరే నిలబడి దానిమీద దావా వేసినవాడు.

వాంకిడి కూడా పొలిమేర ఊరే. అటు చాందా, ఇటు ఆసిఫాబాద్. మరాఠీ, గోండీ, తెలుగు, పైన సర్కారు ఉర్దూ. సోలాపూర్ తెలుగు పిల్లాడు ఎలా నాలుగు భాషల మధ్య పెరుగుతాడో ఆయనా అలాగే పెరిగాడు. ఆ చుట్టుపక్కల అడవుల్లోనే కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అని లేచి 1940లో నేలకొరిగాడు. ఆ అడవుల్లో విరివిగా దొరికే ఆకు తునికాకు. మా పేటల్లో ఏ ఇంటి గడప ముందు చూసినా ఒక ఆడమనిషి ఒళ్లో చాట పెట్టుకొని ఆ ఆకుతోనే కూర్చుని ఉంటుంది. తడిపిన ఆకును కత్తెరతో దీర్ఘచతురస్రంగా కోస్తుంది, చిటికెడు పొగాకు పరుస్తుంది, బొటనవేలితో దొర్లిస్తుంది, కొస మడిచి దారం చుడుతుంది. ఒక బీడీ. ఇట్లా వెయ్యి కావాలి. ఆమె చూపు చేతులమీద ఉండదు, వీధిలో ఆడుకునే పిల్లమీద ఉంటుంది. మగాయన మగ్గంమీద, ఆడామె బీడీమీద, ఇద్దరి బతుకూ దారం చివరనే.

చదువుకునే రోజుల్లోనే లక్ష్మణ్ చాందా వెళ్లి గాంధీజీని చూసి వచ్చాడు. ఖద్దరు కట్టాడు, జీవితాంతం విడవలేదు. హైదరాబాద్‌లో లా చదివాడు. 1940ల మొదట్లో కోర్టులో అడుగుపెట్టాడు. ఆ కోర్టును ఒకసారి కళ్లముందుకు తెచ్చుకోండి. ఫిర్యాదు ఉర్దూలో, సాక్ష్యం ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. బోనులో నిలబడ్డ మనిషికి తెలుగు తప్ప మరేమీ రాదు. తన మీద పెట్టిన కేసేమిటో, తనకు పడ్డ శిక్షేమిటో కూడా మరొకరు చెబితే తప్ప తెలియదు. అటువంటిచోట మన యాసలో "భయపడకు, నేనున్నా" అనగల వకీలు ఉండటమంటే మాటలా!

దొరలకు ఎదురు తిరిగిన రైతుల మీద, ఆంధ్ర మహాసభ కార్యకర్తల మీద కేసులు వరసగా పడుతున్న కాలం అది. వాళ్ల తరఫున ఫీజు అడక్కుండా వాదించినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం తలపడిన చాకలి ఐలమ్మ పక్షాన నిలిచిన వకీళ్లలోనూ ఆయన పేరు వినిపిస్తుంది. బట్టలు ఉతికే ఇంటి ఆడబిడ్డ, బట్టలు నేసే ఇంటి బిడ్డ ఒకవైపు. వేల ఎకరాల దొర ఇంకోవైపు. ఈ బొమ్మను మన చిత్రకారులెవరూ ఎందుకు గీయలేదా అని నాకు ఆశ్చర్యం. కత్తి పట్టినవాళ్ల బొమ్మలు గీస్తారు, తుపాకి పట్టినవాళ్లవి గీస్తారు. కట్ట విప్పి కాగితం తీసేవాడి బొమ్మ గీయడం కష్టమేమో.

మన చిన్నప్పటి పాఠాల్లో అమెరికా వకీలు ఒకాయన ఉండేవాడు. కర్రల గుడిసెలో పుట్టి, ఇల్లినాయ్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో 1837 నుంచి వకాల్తా చేసి, జిల్లా కోర్టులన్నీ గుర్రం మీద తిరిగి, ఆఖరికి దేశాధ్యక్షుడైన అబ్రహాం లింకన్. పొయ్యి వెలుగులో చదువుకున్నాడని మా మాస్టారు చెబితే గుడ్లప్పగించి విన్నాం. మంచిదే, వినవలసిన కథే. కాని వాంకిడి నుంచి వచ్చిన వకీలు గురించి ఆ మాస్టారు ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు గనక? లింకన్‌కు దక్కిన అధ్యక్ష పదవి మన లక్ష్మణ్‌కు దక్కలేదు. దక్కిన పదవులనే ఆయన వదిలేశాడు. ఆ సంగతికి వస్తాను.

అంతకుముందు సోలాపూర్ మళ్లీ కథలోకి వస్తుంది. ఈ ఊరు హైదరాబాద్ సంస్థానం గుమ్మంలో ఉండేది. గుమ్మంలో ఉన్నవాడు లోపలి కేక వింటాడు. ఇక్కడివాళ్ల నెత్తురు కూడా చల్లనిదేమీ కాదు. 1930 మేలో కొన్నిరోజులపాటు ఈ ఊళ్లో తెల్లవాడి పాలన లేకుండా పోయింది. మే 12న మార్షల్ లా పెట్టి గాని ఊరిని మళ్లీ పట్టుకోలేకపోయారు. మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుసేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడా, ఈ నలుగురినీ 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఉరితీశారు. 1938 డిసెంబర్‌లో నిజాం మీద సత్యాగ్రహానికి ఆర్య సమాజం ఇక్కడే మహాసభ పెట్టింది. 1947లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు శిబిరాలకు ఈ ఊరే ఒక పట్టుకొమ్మ.

ఆ ఏడే డిసెంబర్ 4న హైదరాబాద్ కింగ్ కోఠి రోడ్డులో వరంగల్లు యువకుడు నారాయణరావు పవార్ నిజాం కారు మీద బాంబు విసిరాడు. గురి తప్పింది. పవార్‌కు ఉరిశిక్ష పడింది, పోలీసు యాక్షన్ వచ్చి ప్రాణం దక్కింది. ఆ బాంబు కేసులో లక్ష్మణ్ పేరూ చేరింది. నిన్నటిదాకా నిందితుల పక్కన నిలబడినవాడు ఇవాళ తానే నిందితుడు. అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. చట్టం చదువుకున్నవాడికి చట్టం కళ్లుగప్పి తిరగడం ఎంత యాతనో గాని, రాజే చట్టమైన చోట ఇంకేం చేస్తాడు?

ఆ పోలీసు యాక్షన్‌లో 1948 సెప్టెంబర్ 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి దళాలు సోలాపూర్ నుంచే కదిలాయి. యుద్ధ టాంకులు హైదరాబాద్ రోడ్డు పట్టి నల్దుర్గ్ కోట వైపు సాగిపోయాయి. ఏ దారిన మూటలతో మావాళ్లు ఇటు వచ్చారో ఆ దారినే అటు టాంకులు పోయాయి. అయిదో రోజుకు, సెప్టెంబర్ 17న, నిజాం చేతులెత్తేశాడు. నేతపేటల్లోంచి ఎంతమంది ఆ రోడ్డు పక్కన నిలబడి చూశారో! ఇక తిరిగి వెళ్లొచ్చు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. చాలామంది వెళ్లలేదు. మగ్గం ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, అడ్వాన్సూ ఇక్కడే.

1952లో మొదటి సాధారణ ఎన్నికల్లో ఆయన ఆసిఫాబాద్ నుంచి గెలిచి హైదరాబాద్ శాసనసభకు వెళ్లాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957 నుంచి 1960 దాకా డిప్యూటీ స్పీకర్. తరవాత దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో మంత్రి, చేనేత, చిన్న పరిశ్రమలు, అబ్కారీ చూశాడు. ఒక దళితుడు ముఖ్యమంత్రి, ఒక సాలె మంత్రి. దేశంలో మరెక్కడా దళితుడు ముఖ్యమంత్రి కాని రోజుల్లో ఇది జరిగింది. కానీ పదవుల పట్టిక కంటే నన్ను ఎక్కువ పట్టేది ఆయన సహకార సంఘాల పని.

ఆ పని ఎంత ఓపిక తీసుకుంటుందో తెలియాలంటే మగ్గం దగ్గర పడుగు అతకడం చూడాలి. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు అచ్చులోంచి కొసలు బయటికి లాగరు. కొత్త పడుగు తెచ్చి పాత కొసల ఎదురుగా పెడతారు. అతికే మనిషి కూర్చుని, వేళ్లకు కాస్త బూడిద అద్దుకొని, పాత పోగూ కొత్త పోగూ కలిపి ఒక్క మెలి పెడుతుంది. మళ్లీ పక్క పోగు. మళ్లీ పక్కది. వేల పోగులు. ఒక్కటి వదిలితే గుడ్డ పొడుగునా గీత పడుతుంది. తెల్లారి మొదలుపెడితే పొద్దు వాలుతుంది. ఎక్కడా ముడి ఉండదు, చేత్తో తడిమినా అతుకు తెలియదు. లక్ష్మణ్ ఊరూరా తిరిగి నేతగాళ్లను సంఘంలో చేర్పించిన తీరు అటువంటిదే. ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క మగ్గం, ఒక్కొక్క వాటా. సావుకారు దగ్గర నూలు తెచ్చుకుంటే సావుకారు చెప్పిన ధరకే గుడ్డ ఇవ్వాలి. సంఘం దగ్గర నూలు తెచ్చుకుంటే గుడ్డకు ధర అడిగే నోరుంటుంది. ఇంత చిన్న విషయం. ఇది సాధించడానికి చట్టం కావాలి, రిజిస్ట్రారు సంతకం కావాలి, ఆప్కో లాంటి అమ్మకం దుకాణాలు కావాలి, అన్నిటికంటే ముందు "మనవాళ్లు లెక్క సరిగా రాస్తారా" అన్న అనుమానం పోవాలి. నేతగాళ్లకే కాదు, కల్లుగీత కార్మికులకూ సంఘాలు కట్టించాడు.

అన్నీ నిలిచాయా అంటే నిలవలేదు. కొన్ని సంఘాలు మాస్టర్ వీవర్ల చేతికే చేరాయి, కొన్నింట్లో మగ్గాలు కాగితం మీదే ఆడాయి. ఆ పాపాన్ని బాపూజీ ఖాతాలో వేసేవాళ్లతో నేను ఒప్పుకోను. లెక్క పుస్తకం మొట్టమొదటిసారి కూలివాడి చేతికిచ్చిన మనిషి ఆయన. చేతికొచ్చిన పుస్తకాన్ని పోగొట్టుకోవడం తరవాతి వాళ్ల నిర్వాకం.

ఇక 1969. తెలంగాణ కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చారు. తుపాకి గుళ్లకు పిల్లలు రాలిపోతున్నారు. కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలో మంత్రిగా ఉన్న లక్ష్మణ్ రాజీనామా పారేసి బయటికి వచ్చాడు. తెలంగాణ వచ్చేదాకా మంత్రి పదవి తీసుకోనన్నాడు. పదవి వదిలినవాళ్లను మనం చాలామందిని చూశాం, వదిలినదాన్ని ఏడాది తిరక్కుండా తిరిగి తీసుకున్నవాళ్లను అంతకంటే ఎక్కువమందిని చూశాం. ఈయన 1972లో భువనగిరి నుంచి మళ్లీ గెలిచాడు. మంత్రి మాత్రం కాలేదు. ఆ మాట అన్నాక ఇంకో నలభై మూడేళ్లు బతికాడు. నలభై మూడేళ్లూ ఆ మాట మీదే ఉన్నాడు. ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయి, ఎంతమంది ముఖ్యమంత్రులు మారారు! బాపూజీ అన్న పేరు ఊరికే పెట్టరు జనం.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఆయన ఇల్లు ఉండేది, పేరు జలదృశ్యం. పేరులోనే ఎంత సొగసు! 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది ఆ ఇంట్లోనే. అప్పటికి ఆయనకు ఎనభై అయిదేళ్లు. తన పార్టీ కాదు, తాను నాయకుడూ కాదు. అయినా ఇల్లిచ్చాడు. తరవాత ఆ ఇంటిని సర్కారు కూల్చేసింది. వకీలు గనక కోర్టుకెక్కాడు, ఉద్యమకారుడు గనక వీధికెక్కాడు. ఇంటికోసం ఉద్యమాన్ని మాత్రం ఆపలేదు.

తొంభై ఆరేళ్లు దాటాక ఢిల్లీ వెళ్లి, జంతర్ మంతర్ దగ్గర చలికాలంలో దీక్షకు కూర్చున్నాడు. ఢిల్లీ చలి ఎలాంటిదో మా సోలాపూర్ చాదర్ల వ్యాపారులను అడగండి, వాళ్లకు తెలుసు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసుకొని వణుకుతుంటే, ఖద్దరు ధోవతిలో ఆ ముసలాయన కూర్చున్నాడు. సాహసం అనే మాట వయసులో ఉన్నవాళ్లకే రాసిపెట్టారని అనుకునేవాణ్ణి. 2012 సెప్టెంబర్ 21న పోయాడు, తొంభై ఏడో పుట్టినరోజుకు ఆరు రోజుల ముందు. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. రెండేళ్లు కూడా ఆగలేదు ఆ ప్రాణం. ఇది తలుచుకుంటే నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువ వస్తుంది, ఎవరి మీదో తెలియని కోపం.

ఇప్పుడు ఆయన పేరు ఉద్యాన విశ్వవిద్యాలయానికి ఉంది. హైదరాబాద్‌లోని చేనేత సాంకేతిక సంస్థకూ 2024లో ఆయన పేరు పెట్టారు. ఈ రెండో పేరు నాకు ఇష్టం. మగ్గం నేర్చుకునే పిల్లలు రోజూ ఆ పేరు కింద నుంచి లోపలికి వెళ్తారు.

సోలాపూర్‌కూ పోరాడిన రాజకీయ నాయకులు లేకపోలేదు. మా నరసయ్య ఆడం మాస్టారు బీడీ కార్మికుల ఇళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే, ఊరి బయట కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు లేచాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. ఆడం మాస్టారు వకీలు కాదు. బాపూజీది కాంగ్రెస్ దారి, ఈయనది ఎర్రజెండా దారి. ఒకరి రాజకీయం మరొకరికి గిట్టకపోవచ్చు. పేటలోని ఆడవాళ్లకు ఆ తేడా పెద్దగా పట్టదు, తలుపుకు గొళ్లెం ఉందా, ఆ ఇంటి కాగితం తమ పేరున ఉందా అనే చూస్తారు.

కాగితం అంటే గుర్తొచ్చింది. ఆర్య సత్యాగ్రహం ముగిసిన మరుసటేడు, 1940లో, దాని గుర్తుగా ఈ ఊళ్లో దయానంద్ కాలేజీ పెట్టారు. ఆ పేరుతోనే ఇక్కడ లా కాలేజీ కూడా నడుస్తోంది. పూర్వ భాగ్ నుంచి తెలుగు పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, పుస్తకాల సంచులు వేసుకొని లా చదవడానికి వెళ్తున్నారు. అమ్మ బీడీలు చుట్టి ఫీజు కడుతోంది. నాన్న పవర్‌లూమ్ మీద రాత్రి షిఫ్టు. వాళ్లకు రాజ్యాంగం చెబుతారు, భారతీయ న్యాయ సంహిత చెబుతారు, పెద్ద పెద్ద తీర్పులు చెబుతారు. సెలవుల్లో ఒకసారి హైదరాబాద్ రైలెక్కి వెళ్లి, నిజాం కాలపు పాత ఉర్దూ కేసు కట్టల్లో వాంకిడి లక్ష్మణ్ వాదించినవి ఎవరైనా వెతికి తీయండర్రా, తెలుగులోకి తెండి. ఉర్దూ చదవడానికి మనిషి కావాలంటే సోలాపూర్‌లో కొదవా? కుర్బాన్ హుసేన్ ఊరిది.